సీరియల్ అయిపోయాక మాట్లాడుకుందాం

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నన్ను మాట్లాడమన్న విషయం విని కొందరికి నవ్వు రావచ్చు. మహిళా సంఘం వేదిక మీద టీవీ సీరియళ్ళ గొడవ ఏమిటని అనిపించవచ్చు. సీరియళ్ళు ఆడవాళ్ళను వెనక్కి లాగుతున్నాయనీ, అత్తాకోడళ్ళ కుట్రలు తప్ప వాటిలో ఏమీ లేదనీ మనమే ఎన్నోసార్లు విమర్శించాం. ఆ విమర్శకు నేనిప్పటికీ కట్టుబడే ఉన్నాను. అయినా ఆ సీరియళ్ళనే ఆధారం చేసుకుని, వలసపోయే కుటుంబాల ఆడవాళ్ళతో మనసు బాధల గురించి మాట కలపవచ్చునని నా నమ్మకం. అదెట్లాగో, అందులో జాగ్రత్తలేమిటో చెప్తాను.

ముందు మన ప్రాంతం సంగతి. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, మంత్రాలయం మండలాల్లో వాన ముఖం చాటేసిన ఏడు పల్లెలకు పల్లెలే ఖాళీ అవుతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ కొందరు, బెంగుళూరు, హైదరాబాదుల్లో కట్టడం పనులకు కొందరు పోతారు. మన దగ్గర దీన్ని సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. అదే మాటకు మన పల్లెల్లో ఇంటికి తాళం వేసి ఊరు విడవడమనే అర్థం వచ్చి చేరింది. చాలామంది ఉగాది నాటికి తిరిగి వస్తారు. ఈ మధ్య నెలల్లో ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళూ, బడి పిల్లలూ, బాలింతలూ.

వలసలో ఉన్న ఆడమనిషి చేలో వేసుకున్న గుడారంలో ఉంటుంది. స్నానానికి చాటుండదు. చుట్టూ తెలిసిన మొహం ఉండదు. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా తిరిగి వచ్చే దారి ఉండదు. ఊళ్ళో మిగిలిన ఆమెది ఇంకో రకం బాధ. బెంగుళూరు నుంచి మొగుడు డబ్బు పంపకపోయినా అప్పులవాడికి జవాబు చెప్పాలి. రాత్రి ఫోను తీయడం ఆలస్యమైతే అనుమానానికీ జవాబు చెప్పాలి. ఎమ్మిగనూరులో మగ్గం మీద మొగుడు నేస్తుంటే కండెలు చుట్టే ఆడమనిషి పనికి విడిగా కూలి లెక్క ఉండదు. ఆదోని జిన్నింగు మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్ళు దుమ్ముతో ఇంటికొచ్చి మళ్ళీ పొయ్యి దగ్గర నిలబడతారు. ఇన్ని బరువుల కింద మనసు నలగకుండా ఎట్లా ఉంటుంది?

నలుగుతుంది. కానీ ఆ మాట బయటికి రాదు. ఆమె చెప్పేది తలకాయ నొప్పి, గుండె దడ, కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం. గట్టిగా అడిగితే "ఏం లేదులే అక్కా, బేజారు" అంటుంది. ఆర్.ఎం.పి. డాక్టరు బలానికి సూది వేస్తాడు. అత్త గాలి సోకిందంటుంది. తాయెత్తు కడతారు. ఒకరు దర్గాకూ, ఒకరు గుడికీ తీసుకుపోతారు. ఆమె ఏం అనుభవిస్తోందో అడిగేవాళ్ళు మాత్రం ఉండరు.

ఎందుకు చెప్పదు? మన భాషలో ఈ బాధలన్నిటికీ కలిపి సమాజం ఇచ్చింది ఒకటే మాట, "పిచ్చి". ఆ మాట ఒకసారి మీద పడితే ఆమె చెప్పే దేనికీ విలువుండదు. కొట్టాడని చెప్పినా పిచ్చిదాని మాటే. చెల్లెలికి సంబంధం కుదరదు. మొగుడు వదిలేయడానికి సాకు దొరుకుతుంది. హిందూ వివాహ చట్టం 13వ సెక్షనులో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణంగా ఉంది. దానిని అడ్డం పెట్టుకుని భార్యను వదిలించుకోవాలని చూసేవాళ్ళు ఉన్నారు. మన రాష్ట్రానికి చెందిన ఒక దంపతుల కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేల్చింది. జబ్బు ఉందన్నంత మాత్రాన విడాకులు ఇవ్వడం కుదరదనీ, కలిసి బతకడానికి వీలులేనంత తీవ్రంగా ఉందని రుజువు కావాలనీ చెప్పింది. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు? తెలియనప్పుడు నోరు మూసుకోవడమే ఆమెకు క్షేమం. కాబట్టి ఆమె మౌనాన్ని అజ్ఞానమని చిన్నచూపు చూడకండి. అది ఆమె తనను తాను కాపాడుకునే పద్ధతి.

ఆ మౌనం ఖరీదు కూడా చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2021లో దేశంలో 1,64,033 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో దినకూలీలు 42,004 మంది. ప్రాణం తీసుకున్న ఆడవాళ్ళు 45,026 మంది, వాళ్ళలో గృహిణులే 23,178 మంది, అంటే సగం పైన. మనం పనిచేసే ఇళ్ళలో కూలీ, గృహిణీ ఒక్కరే. నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం మానసిక రుగ్మతలున్నవారిలో చికిత్స అందనివారు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా ఉన్నారు.

ఇక సీరియల్ విషయానికి వస్తాను. "నీకు మనసు బాగలేదా?" అని నేరుగా అడిగితే తలుపు మూసుకుంటుంది. "నిన్న సీరియల్లో ఆమె ఎందుకట్లా కూలబడిపోయింది?" అని అడిగితే పదిమందీ మాట్లాడతారు. తన గుట్టు బయటపడకుండా తన బాధ గురించే మాట్లాడటానికి అక్కడ ఒక మూడో మనిషి దొరుకుతుంది. ఆ మూడో మనిషి మన సంఘంలో లేదు, మన వీధిలో లేదు, ఆమె మీద చాడీలు చెప్పేవారు లేరు. అందుకే ఆమె ఆసరాతో ఎంత దూరమైనా పోవచ్చు.

ఇది మనకు కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగింది? అక్షరాస్యత తరగతిలో సీతమ్మ కథ చదివారు. మొగుడి తాగుడుతో నలిగిన ఒక ఆడమనిషి కథ అది. చదివి పుస్తకం మూసి ఇంటికి పోలేదు. గుండ్రంగా కూర్చుని "ఇది మన కథే కదా" అనుకున్నారు. సారా దుకాణం మూయించారు. ఆ మాట ఊరూరా పాకి ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ పాఠాన్ని విడిగా చదివి ఊరుకుని ఉంటే అది ఒక పాఠంగానే మిగిలిపోయేది. కూర్చుని మాట్లాడుకోవడం వల్లనే దానికి ఆ బలం వచ్చింది.

టీవీతోనూ ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు ప్రభుత్వం టీవీ కార్యక్రమాలు చూపించింది. ఊరంతా ఒకే టీవీ ముందు కూర్చునేవారు. ఆ రోజుల్లోనే మెక్సికోలో మిగుయెల్ సాబిదో అనే ఆయన వయోజన విద్య మీద ఒక సీరియల్ తీశాడు. మంచి మనిషి ఒకరు, చెడ్డ మనిషి ఒకరు, రెంటి మధ్యా ఊగిసలాడే మామూలు మనిషి ఒకరు ఉంటే, చూసేవాళ్ళు ఆ మూడో మనిషితో పాటు మారతారన్నది ఆయన లెక్క. ఆ పద్ధతి మీదనే మన దూరదర్శన్ 1984 జూలై నుంచి 1985 డిసెంబరు దాకా హిందీలో 'హమ్ లోగ్' ప్రసారం చేసింది. భాగం అయిపోగానే నటుడు అశోక్ కుమార్ వచ్చి ప్రేక్షకులతో నాలుగు మాటలు మాట్లాడేవాడు. లక్షల ఉత్తరాలు వచ్చాయి.

కానీ ఇక్కడే మనం గమనించాల్సింది ఒకటుంది. ఆ సీరియల్లో తల్లి భాగవంతి అన్నీ ఓర్చుకుంటుంది. ఇట్లా ఓర్చుకుంటూ పోతే ఆడదాని గతి ఇంతే అని చూపడం తీసినవాళ్ళ ఉద్దేశం. తర్వాత పరిశోధకులు ప్రేక్షకులను అడిగితే, భాగవంతి ఆదర్శ స్త్రీ అనీ, ఆమెలాగా ఉండాలనీ చాలామంది చెప్పారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అనుకున్నదొకటి, అందినది మరొకటి. ఎంత మంచి ఉద్దేశంతో తీసిన సీరియలైనా దాని దారిన దాన్ని వదిలేస్తే పాత విలువలనే గట్టిపరచి పోతుంది. మన పని సీరియల్ అయిపోయాక మొదలవుతుందని నేననేది అందుకే.

మన తెలుగు సీరియళ్ళ సంగతే చూడండి. 2017లో మొదలై 2023 దాకా వచ్చిన 'కార్తీకదీపం' చూడని ఇల్లు లేదన్నంత పేరు తెచ్చుకుంది. భర్త అనుమానిస్తే దీప ఇల్లు విడిచి, వంటపని చేసి బిడ్డను పెంచింది. మొగుడు దూరాన ఉండి ఫోనులోనే అనుమానపు మాటలు పడే మన చెల్లెలికి దీప ఎవరో కాదు. 2020లో మొదలైన 'ఇంటింటి గృహలక్ష్మి'లో తులసి ఏళ్ళ తరబడి ఇంటికి చాకిరీ చేసి, భర్త చేత ఏమీ తెలియనిదానివని అనిపించుకుంది. ఈ మాట పడని ఆడవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమంటే చూడాలి!

ఈ కథల్లో ఏముందో చూసినట్టే, ఏం లేదో కూడా చూడాలి. ఏడుపు గంటలకొద్దీ చూపిస్తారు. నిద్ర లేని రాత్రి తర్వాత ఆమె పనికి ఎట్లా పోయిందో చూపించరు. డాక్టరు దగ్గరికి పోతే గుండెకో మెదడుకో ఆపరేషను, లేదా జ్ఞాపకం పోవడం. మామూలు దిగులుకు మామూలు వైద్యం ఉందని చూపిన సందర్భాలు బహు తక్కువ. సవతి కుట్ర చేసి నాయికను పిచ్చిదని నిరూపించడం, పిచ్చి వేషంతో నవ్వించడం మాత్రం తరచుగా కనబడతాయి. ఓర్పుకు చివర్లో బహుమానం ఇస్తారు. మన పల్లెలో ఓర్పుకు బహుమానం ఎప్పుడు దొరికింది? ఈ ప్రశ్నలు మనం వేయాలి. చూసేవాళ్ళ చేతనే వేయించాలి.

ఆచరణలో ఎట్లా చేయాలి? మహారాష్ట్రలో మొదలై తర్వాత గుజరాత్‌లోని మెహసానా జిల్లాకు విస్తరించిన 'ఆత్మీయత' అనే కార్యక్రమం ఉంది. పల్లెలోని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, ఫోనులో చిన్న చిన్న సినిమాలు చూపించి, వాటి మీద జనంతో మాట్లాడిస్తారు. బాధలో ఉన్నవారితో వాళ్ళే నాలుగైదుసార్లు కూర్చుంటారు. అవసరమైతే ఆస్పత్రికీ, పింఛను లాంటి ప్రభుత్వ పథకాలకూ దారి చూపిస్తారు. మనకు సినిమాలు తీసే డబ్బు లేకపోయినా, జనం రోజూ చూసే కథలున్నాయి.

పొదుపు సంఘం నెల సమావేశం మనకు అనువైన చోటు. కిస్తీల లెక్క అయిపోయాక అరగంట చాలు. వలసపోయే వాళ్ళతో బండి ఎక్కకముందు ఒకసారి, ఉగాదికి వచ్చాక ఒకసారి కూర్చోవాలి. నేతపని ఇళ్ళలో మధ్యాహ్నం పూట కూర్చోవాలి. సీరియల్ వచ్చే వేళకు మాత్రం ఎవరింటికీ పోవద్దు. రోజంతా చాకిరీ చేసిన మనిషికి దొరికే ఆ అరగంటను మనం లాక్కోకూడదు. ఆదోనిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి, పల్లెల్లో కన్నడం మాట్లాడే ఇళ్ళున్నాయి. ఎవరు ఏ భాషలో కథ చూస్తారో ఆ కథే తీసుకోవాలి, ఆ భాష వచ్చిన కార్యకర్తే కూర్చోవాలి.

అడగవలసిన ప్రశ్నలు నాలుగే. ఆమెకు ఏమవుతోంది? ఆ ఇంట్లో దాన్ని ముందు ఎవరు గమనించారు, ఎవరు గమనించనట్టు ఊరుకున్నారు? ఆమె మన ఊళ్ళో ఉంటే ఎవరి దగ్గరికి పోగలదు? మనం ఆమె పక్కింట్లో ఉంటే ఏం చేసేవాళ్ళం? "నీకూ ఇట్లా అయిందా?" అని నలుగురిలో ఎవర్నీ అడగవద్దు. ఎవరైనా తనంతట తాను చెప్పుకుంటే వినాలి, సలహాల వర్షం కురిపించకూడదు. అక్కడ విన్నది అక్కడే ఉండాలి. సమావేశం అయిపోయాక కొంగు సర్దుకుంటూ, పోవాలా వద్దా అన్నట్టు వెనక మిగిలిపోయే మనిషి ఒకరుంటారు. మీరు ఆమె కోసం ఆగాలి. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే ఆ మాటను బెదిరింపని కొట్టేయవద్దు. ఆ ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదలవద్దు.

మాటల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో ఆస్పత్రుల ఆవరణల్లో బల్లలు వేయించి, శిక్షణ పొందిన అవ్వలను వాటి మీద కూర్చోబెట్టాడు. వాళ్ళు డిప్రెషన్ అన్న మాట వాడలేదు. జనం వాడే 'కుఫుంగిసిసా' అన్న మాటే వాడారు. ఆలోచనలు ఎక్కువ కావడం అని దానర్థం. ఈ పద్ధతితో బాధ తగ్గిందని 2016లో వచ్చిన అధ్యయనం చూపింది. మనకూ "బేజారు" ఉంది, "మనసు బాగలేదు" ఉంది. ముందు ఆ మాటలతోనే మొదలుపెడదాం. జబ్బు పేరు డాక్టరు చెప్తాడు.

ఇక్కడ మనలోనే కొందరు మిత్రులు ఒక ప్రశ్న వేస్తారు. కూలి గిట్టక, నీళ్ళు లేక, అప్పులపాలై బాధపడే మనిషికి మనసు వైద్యం చేస్తామనడం అసలు సమస్యను పక్కదారి పట్టించడం కాదా? ఇది న్యాయమైన ప్రశ్న. ఆకలికి మాత్ర ఇచ్చి పంపడాన్ని మనం ఒప్పుకోకూడదు. మొగుడు కొట్టడం వల్ల నిద్ర పట్టని ఆమెకు నిద్రమాత్ర ఒక్కటే ఇస్తే అది కొట్టినవాడికి సాయం చేసినట్టు. కానీ రెండో వైపు కూడా చూడండి. మనసు పూర్తిగా కుంగిపోయిన మనిషి కూలి కోసం మేస్త్రీని నిలదీయలేదు. రేషను కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరగలేదు. మన ఊరేగింపుకూ రాలేదు. ఆ స్థితిలో ఉన్న మనిషికి వైద్యం కూడా హక్కే. కూలి గెలిచేదాకా వైద్యం ఆగాలనడం న్యాయం కాదు. హరారేలో అవ్వలు చేసిందీ ఇదే. వచ్చిన మనిషి సమస్యలన్నీ విని, వాటిలో ముందు దేన్ని పట్టుకుందామో ఆమె చేతనే నిర్ణయింపజేశారు. సీరియల్ మీద మాట ఏడుపుతో మొదలై అడ్వాన్సు లెక్కల దగ్గరికి పోతే దాన్ని ఆపకండి. అది దారి తప్పడం కాదు, అసలు విషయానికి రావడం.

చివరగా హక్కుల మాట. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వం నడిపే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కు. 14వ సెక్షను ప్రకారం, తనకు సాయంగా ఉండే ప్రతినిధిని వయసొచ్చిన ఎవరైనా తానే ఎంచుకోవచ్చు. అది మొగుడే కానక్కర్లేదు, అక్క కావచ్చు, స్నేహితురాలు కావచ్చు. జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనిదని ముద్ర వేయడానికి వీల్లేదని 3వ సెక్షను చెప్తోంది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం ఆదుకోవాలి అని 115వ సెక్షను చెప్తోంది. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షనును చేర్చలేదు. కేసు పెడతారన్న భయంతో అటువంటి మనిషిని ఆస్పత్రికి తీసుకుపోకుండా దాచేవాళ్ళకు ఈ ముక్క తప్పక చెప్పండి. ఇంట్లో హింస ఉంటే 2005 నాటి గృహహింస చట్టం ఉంది. 181 నంబరుకు ఫోను చేయవచ్చు. మనసు బాధల కోసం 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా తెలుగులో మాట్లాడవచ్చు. వలసలో గుడారం దగ్గర ఉన్న మనిషికి కూడా అది అందుతుంది. బండి ఎక్కే ప్రతి ఆడమనిషి ఫోనులో ఈ రెండు నంబర్లూ ఎక్కించి పంపండి.

అయితే ఫోను నంబరు ఒక్కటే చాలదు. కర్నూలు పెద్దాస్పత్రి ఆదోని నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. పోయి రావడానికి ఒక రోజు కూలి, ఇద్దరికి బస్సు చార్జీ కావాలి. నెలనెలా మందు తెచ్చుకోవాలంటే ఏ కూలిమనిషికి సాధ్యం? ఆదోని, ఎమ్మిగనూరు ప్రభుత్వాస్పత్రుల్లో మానసిక వైద్యులు ఏ వారం, ఏ వేళ చూస్తారో అందరికీ కనబడేలా బోర్డు మీద రాయాలని మనం అడగాలి. అవసరమైన మందులు మండల స్థాయి ఆస్పత్రిలోనే దొరకాలని అడగాలి. ఆశా కార్యకర్తలకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వాలని అడగాలి. మాట్లాడమని ఆడవాళ్ళను ప్రోత్సహించి, వైద్యం దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తే వాళ్ళు రెండోసారి నోరు విప్పరు.

ఈ మూడు నెలల్లో ప్రతి సంఘమూ కనీసం రెండు సమావేశాల్లో ఇట్లా కూర్చుని చూడాలని నా విజ్ఞప్తి. ఏ సీరియల్, ఏ సన్నివేశం తీసుకున్నారో, ఏ ప్రశ్న దగ్గర మాట సాగిందో, ఎక్కడ ఆగిందో రాసి పెట్టండి, మనుషుల పేర్లు మాత్రం రాయకండి. సుగ్గి బండ్లు కదిలేలోపు ఆ అనుభవాలు పక్కపక్కన పెట్టుకుని, ఆస్పత్రి అధికారుల దగ్గరికి అందరం కలిసి పోదాం.